సముద్రం నడిపిన చరిత్ర – 6: పెరూ తీరం నుంచి ధాత కరువు దాకా

1876. పంచాంగంలో ధాత నామ సంవత్సరం. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో ఏరువాక నాటి నుంచే వాన మొహం చాటేసింది. నైరుతి పోతే పోయింది, ఈశాన్యమైనా ఆదుకుంటుందని రైతులు అక్టోబరు దాకా ఆకాశం వంక చూశారు. అదీ రాలేదు. చెరువులు అడుగంటాయి. మేత లేక పశువులు కూలబడ్డాయి. ముందు నగలు, తర్వాత ఇత్తడి సామాను, చివరికి ఇంటి దూలాలు అంగడికెక్కాయి. మరుసటి ఏడు, ఈశ్వర నామ సంవత్సరంలో, కరువు దక్షిణాది పొలిమేర దాటి దేశంలో చాలా భాగానికి పాకింది. 1871 నుంచి నేటి దాకా ఉన్న వర్షపాతపు లెక్కల్లో దేశం మొత్తమ్మీద అతి తక్కువ వాన కురిసిన నైరుతి కాలం ఆ 1877దే.

పెద్దవాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు. బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాల్లోనే 50 లక్షల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కే ఒప్పుకుంది. మైసూరు, హైదరాబాద్ సంస్థానాలను కూడా కలిపి లెక్కగట్టిన చరిత్రకారులు 80 లక్షల దాకా చెబుతారు.

అవే సంవత్సరాల్లో ఉత్తర చైనాలో అంతకన్నా పెద్ద క్షామం నడుస్తోంది. బ్రెజిల్ ఈశాన్యంలోని సియారా రాష్ట్రంలో జనం ఊళ్ళు వదిలి తీరానికి నడిచిపోతున్నారు. ఎప్పుడూ చినుకు పడని పెరూ ఎడారి తీరంలో మాత్రం వరదలు. ఈ నాలుగు చోట్ల వార్తలూ లండన్ పత్రికల్లో వచ్చాయి. వాటికి ఒకదానితో ఒకటి ఉన్న సంబంధమేమిటో మాత్రం అప్పట్లో ఎవరికీ తెలియదు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పుకోవాలి. వాన ఆగడానికి కారణం సముద్రంలో ఉండొచ్చు, అంతమంది చావడానికి కారణమంతా సముద్రంలో లేదు. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. అదే నెలలో ఖర్చు తగ్గించమని సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణాదికి పంపాడు. సహాయ పనుల్లో రాళ్ళు కొట్టే, మట్టి మోసే మగవాడికి టెంపుల్ నిర్ణయించిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో రోజంతా పనిచేస్తే మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అప్పుడే వాదించాడు. ఆ వాదన చెవికెక్కేలోపు నెలలు గడిచిపోయాయి. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది ఆనాటి పాలకుల సిద్ధాంతం. అందువల్ల ఆ కరువులోనూ దేశపు గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. ఆ కాలపు చెమటకు ఆనవాలు ఇప్పటికీ ఒకటుంది. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల్ని కలిపే కాలువ ముక్క 1877-78లో కరువు కూలీలు తవ్వినదే. నాటి గవర్నరు పేర దానికి బకింగ్‌హాం కాలువ అని పేరొచ్చింది. పెదగంజాం నుంచి నెల్లూరు మీదుగా సాగే ఆ కాలువలో తర్వాత దశాబ్దాల పాటు పడవల్లో బియ్యం మద్రాసు చేరాయి.

ఇక వాన సంగతి. భారత వాతావరణ శాఖ అప్పటికి పుట్టి ఏడాదే. 1864 అక్టోబరులో కలకత్తాను తుపాను ముంచింది, నెల తిరక్కుండానే బందరు ఉప్పెన వేలమందిని మింగింది. ఆ వెనుకే 1866లో కరువు. ఈ దెబ్బల మీద దెబ్బలతో 1875లో ప్రభుత్వం ఆ శాఖను పెట్టి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు అప్పగించింది. కొలువులో కుదురుకునేలోపే కరువు మీద పడింది.

బ్లాన్‌ఫోర్డ్ చేతిలో ఉన్న పనిముట్టు బేరోమీటరు. గాలి బరువు పెరిగితే అందులో పాదరసం పైకెక్కుతుంది. ఆ కరువు కాలంలో దేశమంతటా పాదరసం మామూలు కన్నా పైనే నిలబడింది. ఏదో స్థానిక లోపమేమోనని ఆయన ఇతర దేశాల లెక్కలు తెప్పించుకున్నాడు. జావా దీవి మీది బటావియాలో అదే తీరు. ఆస్ట్రేలియాలో అదే తీరు. భూగోళంలో అంత పెద్ద ముక్క మీద గాలి ఒకేసారి బరువెక్కి కూర్చుంది. బరువెక్కిన గాలి కిందికి దిగుతుందే తప్ప పైకి లేవదు. పైకి లేవని గాలిలో మబ్బు కట్టదు. రోగలక్షణం దొరికింది గానీ రోగం ఎక్కడుందో బ్లాన్‌ఫోర్డ్‌కు అంతుపట్టలేదు. ఆయన దృష్టి హిమాలయాల మీదికి పోయింది. అక్కడ మంచు ఎక్కువ పడిన ఏడు ఇక్కడ వాన తక్కువ పడుతుందని 1884లో ప్రకటించాడు. 1886 జూన్‌లో తొలి అధికారిక రుతుపవన అంచనా ఆ ఆధారంతోనే వెలువడింది.

సూత్రం కొన్నాళ్ళు పనిచేసింది. 1899లో బోర్లా పడింది. బ్లాన్‌ఫోర్డ్ తర్వాత వచ్చిన జాన్ ఎలియట్ ఆ ఏడు వానలు బాగుంటాయన్నాడు. వచ్చింది మరో ఘోరమైన కరువు.

అసలు జవాబు హిమాలయాల్లో లేదు, పసిఫిక్ మహాసముద్రపు అవతలి ఒడ్డున ఉంది. అది అర్థం కావాలంటే సముద్రపు నీరు ఎందుకు నడుస్తుందో ముందు తెలియాలి.

నీటిని నడిపేవి ముఖ్యంగా రెండు. పైపొరను గాలి తోస్తుంది. లోతు నీటిని దాని బరువే నడిపిస్తుంది. వెచ్చని నీటి కన్నా చల్లని నీరు, ఉప్పు తక్కువ నీటి కన్నా ఉప్పెక్కువ నీరు బరువు. గ్రీన్లాండు దాపున చలికి బరువెక్కి మునిగిన నీరు మహాసముద్రాల అడుగున పాకుతూ పోయి మళ్ళీ పైకి తేలడానికి శతాబ్దాలు పడుతుంది. గత సంచికలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పటం గీయించిన గల్ఫ్ స్ట్రీమ్‌ను చూశాం. అది ప్రధానంగా గాలి తోసే ప్రవాహం.

అయితే గాలి ఎటు వీస్తే నీరు అటే పోదు. ఇది నార్వే సాహసి నాన్సెన్ కంటపడింది. 1893 నుంచి 1896 దాకా ఆయన ఓడ ఫ్రామ్ ఉత్తర ధ్రువపు మంచులో బిగుసుకుని మంచుతో పాటే కొట్టుకుపోయింది. మంచు గాలి దారిన కాక, ఎప్పుడూ 20 నుంచి 40 డిగ్రీలు కుడికి జరుగుతోందని నాన్సెన్ గమనించాడు. స్వీడన్ యువకుడు ఎక్‌మన్ దానికి 1905లో గణితం కట్టాడు. భూమి తిరుగుతుండడం వల్ల కదిలే నీరు ఉత్తరార్ధగోళంలో కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకు మళ్ళుతుంది. పైపొర తన కింది పొరను ఈడుస్తుంది, అది ఇంకాస్త మళ్ళుతుంది, దాని కిందిది మరికాస్త. అన్ని పొరల కదలికా కలిపి చూస్తే నీరు గాలి దారికి లంబంగా పక్కకు పోతుంది.

పెరూ తీరాన్ని ఈ లెక్కతో చూడాలి. అక్కడ గాలి తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తుంది. అది దక్షిణార్ధగోళం కనుక నీరు ఎడమకు, అంటే ఒడ్డు విడిచి నడిసముద్రంలోకి తరలిపోతుంది. ఆ ఖాళీ నింపడానికి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. చీకటి లోతుల్లో పేరుకున్న నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఆ నీటితో పాటు వెలుతురులోకి వస్తాయి. వాటిని తిని కంటికి ఆనని నాచు పెరుగుతుంది, నాచును తిని ఆంకోవీలు పెరుగుతాయి. మన నెత్తళ్ళ జాతి చేపలే అవి. చేపల కోసం లక్షల నీటికాకులు, గూడబాతులు. వానే పడని దీవుల మీద ఆ పక్షుల రెట్ట గుట్టలుగా పేరుకుంది. గువానో అనే ఆ ఎరువు 1840ల నుంచి ఐరోపా పొలాలకు పోయి పెరూ ఖజానాను నింపింది.

ఆండీస్ కొండలు దిగి 1802లో ఆ తీరానికి చేరిన జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ నీళ్ళలో థర్మామీటరు ముంచి ఆశ్చర్యపోయాడు. భూమధ్యరేఖకు 12 డిగ్రీల దూరంలో, వేడి దేశంలో, సముద్రం 16 డిగ్రీల చల్లదనంతో ఉంది. ఆ ప్రవాహానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. ఆయన దాన్ని ఒప్పుకోలేదు. చిలీ నుంచి పైటా దాకా జాలరి పిల్లలందరికీ మూడొందల ఏళ్ళుగా తెలిసిన సంగతిని తాను కనిపెట్టానని ఎలా అంటారని అభ్యంతరం చెప్పాడు. పెద్ద మనిషి మాట అది. ఈ కథలో ముందుకు పోయిన కొద్దీ ఆ జాలర్ల తెలివిడికే ఎక్కువ విలువ కనిపిస్తుంది.

వాళ్ళకు ఇంకొకటి కూడా తెలుసు. ఏటా క్రిస్మస్ రోజుల్లో ఉత్తరం నుంచి ఒక వెచ్చని ప్రవాహం కొద్ది వారాల పాటు తీరం వెంట దిగుతుంది. పైటా రేవు నావికులు దానికి బాలయేసు పేరు పెట్టి ఎల్‌నినో ప్రవాహమన్నారు. 1892లో కమీలో కరీయో అనే నౌకాధికారి లిమా భౌగోళిక సంఘంలో దాని గురించి చదివాడు. ఆ ముందటి ఏడాదే ఉత్తర పెరూలో వరదలు ఊళ్ళు ఊడ్చాయి. కొన్నేళ్ళు ఆ వెచ్చని నీరు వారాలతో పోదు, నెలల తరబడి తిష్ఠ వేస్తుంది. అప్పుడు చేపలు చెదిరిపోతాయి, తిండి లేక పక్షులు ఒడ్డున గుట్టలుగా చస్తాయి. చచ్చినవన్నీ కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు లేస్తుంది. కయావో రేవులో ఆ గాలి తగిలి తెల్ల రంగు వేసిన ఓడలు నల్లబారిపోయేవి. దానికి నావికులు ‘కయావో పెయింటర్’ అని పేరు పెట్టారు. అదే నీరు ఎడారి మీద వాన కురిపిస్తుంది. 1925 మార్చిలో, కొన్ని మిల్లీమీటర్ల వానే గొప్ప అయిన ట్రుహియో పట్టణంలో, ఒక్క నెలలో దాదాపు 400 మిల్లీమీటర్లు పడింది. మట్టి ఇళ్ళు కరిగిపోయాయి.

పెరూలో జాలర్లు చెప్పేది భారత వాతావరణ శాఖ ఉన్న సిమ్లాకు చేరలేదు. సిమ్లాలో లెక్కలు నడుస్తున్నాయి.

1904లో ఎలియట్ కుర్చీలోకి గిల్బర్ట్ వాకర్ వచ్చాడు. ఆయన వాతావరణ శాస్త్రవేత్త కాదు, కేంబ్రిడ్జి గణితంలో ప్రథముడు. బూమరాంగ్ ఎందుకు తిరిగొస్తుందో పరిశోధించినవాడు. రుతుపవనానికి కారణం ఊహించి దాన్ని రుజువు చేయబోతే మళ్ళీ 1899 లాగే అవుతుందని ఆయన గ్రహించాడు. కారణం సంగతి పక్కన పెట్టి, ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏది పెరిగితే ఇక్కడ వాన తగ్గుతుందో అంకెలనే అడుగుదామనుకున్నాడు. కంప్యూటర్లు లేని కాలం. వరసగా కూర్చున్న భారతీయ గుమాస్తాలు దశాబ్దాల వాయుపీడనాలు, ఉష్ణోగ్రతలు, వర్షపాతాలు, నదుల నీటిమట్టాలు పట్టికలుగా రాసి, ఒక్కో జతకు సహసంబంధం చేత్తో గుణించి తీశారు. వాకర్ పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది, ఆ గుణకారాలు చేసిన గుమాస్తాల పేర్లు దాదాపు ఎవరికీ తెలియవు. ఈ చరిత్రలో వాళ్ళ వంతు చిన్నది కాదు.

ఆ కూడికల్లోంచి తేలిన సూత్రం విచిత్రంగా ఉంటుంది. భారతదేశపు వాన చెప్పడానికి హిమాలయాల మంచుతో పాటు మారిషస్ పీడనం, జాంజిబార్ వాన, దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా, చిలీ పీడనాలు కావాలి! ఇంకా తవ్వితే అన్నిటి కన్నా పెద్దది బయటపడింది. పసిఫిక్‌లో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రంలో తగ్గుతుంది, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుంది. కొన్నేళ్ళకోసారి ఈ పొత్తు తిరగబడుతుంది. 1924లో వాకర్ దీనికి సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టాడు. బ్లాన్‌ఫోర్డ్ చూసిన పాదరసపు పెరుగుదల అందులో ఒక అంచు.

ఎందుకలా జరుగుతుందన్న ప్రశ్నకు మాత్రం వాకర్ దగ్గర సమాధానం లేదు. సముద్రపు నీటి ఉష్ణోగ్రతల లెక్కలు ఆయనకు అందలేదు. అంకెల్లో కాకతాళీయాలను చూసి మురిసిపోయాడని విమర్శించినవాళ్ళున్నారు. 1958లో ఆయన కన్నుమూస్తే, వృత్తి పత్రికలో వచ్చిన నివాళి కూడా ఆ పని ఎక్కడికీ దారితీసినట్టు లేదన్న ధోరణిలోనే సాగింది.

దారి తీయడం అప్పుడే మొదలైంది. 1957-58ని అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంగా జరిపి, దేశాలన్నీ కలిసి సముద్రాన్ని, గాలిని ఒకేసారి కొలిచాయి. సరిగ్గా అప్పుడే పెద్ద ఎల్‌నినో వచ్చింది. నార్వే కుటుంబానికి చెందిన, కాలిఫోర్నియాలో పనిచేస్తున్న జాకబ్ బ్యెర్క్‌నెస్ ఆ కొలతలు పరిచి చూశాడు. వెచ్చని నీరు పెరూ తీరంలోనే లేదు. నడి పసిఫిక్‌లోని కాంటన్ దీవి దాకా, వేల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. జాలర్లు చూసింది ఒక మహా సంఘటనకు చివరి కొస. వాకర్ చూసింది దాని రెండో కొస.

బ్యెర్క్‌నెస్ 1969లో ఆ రెంటినీ ముడివేశాడు. మామూలు ఏళ్ళలో భూమధ్యరేఖ వెంట వ్యాపార పవనాలు తూర్పు నుంచి పడమరకు వీస్తాయి. వేడిపాల గిన్నె మీద ఒక పక్క నుంచి ఊదితే మీగడ అవతలి అంచుకు చేరినట్టు, వెచ్చని పైనీరు ఇండోనేసియా వైపు పేరుకుంటుంది. అక్కడి సముద్రమట్టం పెరూ వైపు కన్నా దాదాపు అర మీటరు ఎత్తు. ఆ వెచ్చని నీటి మీద గాలి పైకి లేచి కుండపోతగా కురుస్తుంది, పైన తూర్పుకు సాగి చల్లని పెరూ నీటి మీద దిగుతుంది. ఈ గాలి చక్రానికి బ్యెర్క్‌నెస్ వాకర్ పేరే పెట్టాడు. వాకర్ అప్పటికి పోయి పదకొండేళ్ళు. తూర్పు నీరు కాస్త వెచ్చబడితే గాలి మందగిస్తుంది, గాలి మందగిస్తే నీరు ఇంకా వెచ్చబడుతుంది. సముద్రం గాలిని మారుస్తుంది, గాలి సముద్రాన్ని మారుస్తుంది. హవాయిలో క్లాస్ విర్ట్‌కి దీవుల రేవుల్లోని నీటిమట్టపు కొలతలు చూసి మిగతాది పూరించాడు. గాలి సడలగానే పడమట పేరుకున్న నీరు ఒక పెద్ద అలగా భూమధ్యరేఖ వెంట వెనక్కి మళ్ళి, రెండు మూడు నెలల్లో దక్షిణ అమెరికా చేరుతుంది. దానితో పాటే మబ్బులు తూర్పుకు జరుగుతాయి. ఇండోనేసియా, ఆస్ట్రేలియా, భారతదేశాల మీద గాలి కిందికి దిగుతుంది. బేరోమీటరులో పాదరసం పైకి ఎక్కుతుంది.

ఈ లెక్కతో ధాత కరువును తిరిగి చూస్తే ఒక దిద్దుబాటు అవసరమవుతుంది. చాలామంది అనుకున్నట్టు ఆ కరువంతా ఎల్‌నినో తెచ్చింది కాదు. 1876లో పసిఫిక్ ఇంకా చల్లగానే ఉంది. ఆ చల్లదనం ఈశాన్య రుతుపవనానికి అనుకూలం కాదు, తమిళనాడు, రాయలసీమ, నెల్లూరు సీమలకు ఎల్‌నినో ఏడే అక్టోబరు తర్వాత వాన ఎక్కువ. 2015లో నైరుతి 14 శాతం లోటుతో ముగిసినా నవంబరులో నెల్లూరు, చిత్తూరు జిల్లాలు మునగడం అలాంటిదే. చరిత్రలోకెల్లా బలమైన ఎల్‌నినోల్లో ఒకటి 1877లో లేచింది, అప్పటికే గాదెలు ఖాళీ అయిన దేశం మీద రెండో ఏటి నైరుతిని ఆపేసింది. ఒక లోటు మీద ఇంకో రకం లోటు పడింది. రెండింటి మధ్య టెంపుల్ కూలి.

తెలిసిన తర్వాత కూడా సముద్రం మోసం చేసింది. 1970లో పెరూ కోటీ 20 లక్షల టన్నుల ఆంకోవీలు పట్టింది, ప్రపంచంలో పట్టిన చేపల్లో అది అయిదో వంతు. 1972లో ఎల్‌నినో వచ్చింది, వలలు ఆగలేదు. 1973లో పట్టు 20 లక్షల టన్నులు కూడా లేదు. 1982లో మెక్సికోలో ఎల్ చిచోన్ అగ్నిపర్వతం పేలి, దాని ధూళి ఉపగ్రహాలు తీసే సముద్రపు ఉష్ణోగ్రతలను తప్పుగా చూపింది. శతాబ్దంలో అప్పటిదాకా వచ్చినవాటిలోకెల్లా పెద్ద ఎల్‌నినో సగం దారి నడిచేదాకా నిపుణులు గుర్తించలేకపోయారు. ఆ అవమానం నుంచే పసిఫిక్‌కు అడ్డంగా, సముద్రాన్ని కొలిచే 70 తేలుడు బోయాల వరస పుట్టింది. 1994 చివరికి అది పూర్తయింది.

ఇప్పుడు సముద్రాన్ని చూసే కళ్ళు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రానికి ఆర్గో అనే తేలుడు యంత్రాల సమాచారం చేరుతుంది. ఒక్కో యంత్రం వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కణ్ణుంచి పైకి వస్తూ నీటి వేడిని, ఉప్పును కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. చేపలు దొరికే చోట్లు ఇన్‌కాయిస్ నుంచే తీరప్రాంత మత్స్యకారులకు అందుతాయి. ఉపగ్రహం చూసిన నీటి వేడి, నీటిలోని పచ్చదనం వాటికి ఆధారం. పెరూ జాలరి చేతి వేళ్ళతో తెలుసుకున్న సూత్రమే అది.

అయినా ఎల్‌నినో అన్న మాట వినగానే కరువు ఖాయమనుకోకూడదు. 2002లో ఓ మోస్తరు ఎల్‌నినోకే నైరుతి వాన 19 శాతం తగ్గింది. 2023లో ఆగస్టు 1901 నుంచీ ఎన్నడూ లేనంత పొడిగా గడిచింది. కానీ అదే ఏడు జులై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అన్నిటి కన్నా పెద్ద చిక్కుముడి 1997. ఆ ఏడు ఎల్‌నినో 1982 దాన్నే మించింది. దేశమంతా కరువుకు సిద్ధపడింది. సీజను ముగిసేసరికి వాన మామూలులో 102 శాతం.

రెండేళ్ళ తర్వాత, 1999లో, సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసం చూపును మన పక్కనే ఉన్న హిందూ మహాసముద్రం వైపు తిప్పింది. ఆ సముద్రపు తూర్పు పడమరల మధ్య జరిగే మార్పిడి కథ వచ్చే సంచికలో.